కుండమార్పిడి లెక్కన వస్తానంటే మా కందుకూరు రండి

విదేశాల్లో, పెద్ద నగరాల్లో చదువుకుంటూ, లిబరల్ ఎడ్యుకేషన్ కోసం సొంతంగా సంస్థ పెట్టుకున్న విద్యార్థులకు,

నమస్కారం. కందుకూరు నుంచి ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ రాస్తున్నాను. మీ సంస్థ పేరు ఇందులో రాయను. రాస్తే మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది, అది నాకు ఇష్టం లేదు. మీ మీద కోపం కొంచెం, మీతో పని చాలా ఉంది నాకు. ఇంకొంచెం చదవగానే ఇది మనకేనని మీకు తెలిసిపోతుంది. మీలాంటి సంస్థలు నడిపే పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి కవర్లో పెట్టి పంపకుండా అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మేం ఎక్కడుంటామో చెప్పాలి. కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పాటు చేసి మమ్మల్ని అందులో కలిపారు. రెండేళ్ళకు దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ తీసుకెళ్ళి నెల్లూరులో కలిపారు. 2025 చివర్లో తిరిగి ప్రకాశానికే మార్చారు. మా ఊరి వాళ్ళెవరైనా జిల్లా పేరు రాయాల్సి వస్తే ఏ సంవత్సరం కాగితమో చూసుకుని రాయాలి. ఇంట్లోంచి కాలు బయట పెట్టకుండానే జిల్లాలు తిరిగొచ్చినవాళ్ళం, మార్పిడి అంటే మాకేం బెరుకు లేదు.

ఇక అసలు సంగతి. రిటైరయ్యాక కూడా సాయంత్రం పూట మా ఇంటి అరుగు మీద పిల్లలకు పాఠం చెబుతుంటాను. డబ్బు తీసుకోను. అదేం గొప్ప కాదు, పెన్షన్ వస్తుంది, పొద్దు పోదు. అలా వచ్చే పిల్లల్లో ఇంటర్ చదివే ఒకమ్మాయి ఉండేది. పొగాకు రైతు బిడ్డ. తెలుగు మీడియంలో పదోతరగతి పాసై ఇంటర్‌కి ఇంగ్లీషు మీడియంలోకి వచ్చింది. ఓ రోజు రాత్రి తొమ్మిదప్పుడు తండ్రిని వెంటబెట్టుకుని, ఫోన్ పట్టుకుని వచ్చింది. మీ అప్లికేషన్ అందులో ఉంది. పది రోజుల క్యాంపు, నాలుగైదు దేశాల విద్యార్థులతో కలిసి ఉండడం, ఎంపికైనవాళ్ళకు ఖర్చు మీదే. చూడగానే నాకూ ఆశ పుట్టింది.

అప్లికేషన్ అంతా ఇంగ్లీషే. సిలబస్ బయట చదివిన ఒక పుస్తకం మిమ్మల్ని ఎలా మార్చిందో రాయండి అన్నారు. మీరు నాయకత్వం వహించిన ఒక సందర్భం చెప్పండి అన్నారు. రెండు నిమిషాల వీడియో పంపమన్నారు. ఆ పిల్ల రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయి, "సార్, లీడర్‌షిప్ అంటే క్లాస్ లీడర్‌గా చేశానని రాయొచ్చా?" అని అడిగింది.

"రాయమ్మా" అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. ఎందుకంటే ఆ ఏడు జనవరిలో వాళ్ళ నాన్నకు కాలు విరిగింది. పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును సెగతో ఎండబెట్టే గది, ఒకసారి వెలిగించారంటే ఆరేడు రోజులు రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. మొదట ఆకు పసుపెక్కేదాకా సన్నని సెగ, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు. ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి, ఈనె ఎండే రోజుకి 160 దాకా తీసుకెళ్ళాలి. తొందరపడి పెంచితే పచ్చదనం ఆకులోనే నిలిచిపోతుంది, ఏమరుపాటున కునుకు తీస్తే సరుకు చెడుతుంది. ఏడాది కష్టం ఆ వారంలో తేలిపోతుంది. అప్పటికి పదహారేళ్ళు కూడా నిండని పిల్ల ఆ సీజనంతా రాత్రుళ్ళు లేచి థర్మామీటర్ చూసి, పొయ్యిలోకి కట్టె ఎంత వేయాలో తన తండ్రి వయసు కూలీలకు చెప్పి, పగలు కాలేజీకి పోయింది. ఇది నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. లీడర్‌షిప్ అనగానే ఆ పిల్లకు ఇది గుర్తుకు రాలేదు. సరే, చిన్నపిల్ల. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నాకూ గుర్తుకు రాలేదు.

నెల తర్వాత మీ మెయిల్ వచ్చింది. ఈసారి పోటీ చాలా ఎక్కువగా ఉందట, మళ్ళీ ప్రయత్నించమన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. అరుగు మీద కూర్చుని, "నోబిడ్ అయింది సార్" అంది.

నోబిడ్ అంటే మీకు తెలియకపోవచ్చు. పొగాకు వేలంలో ఏ కంపెనీ ధర పాడని బేలును, అంటే ఆకు మూటను, నోబిడ్ అంటారు. బేలులో సరుకు లేదని కాదు. ఆ రోజు ఆ రంగు ఎవరికీ అక్కర్లేదని, అంతే. రైతు దాన్ని మళ్ళీ బండికెక్కించుకుని ఇంటికి తీసుకుపోతాడు. రెండుసార్లు మోసిన కూలి దండగ.

మీరు ఎంపిక చేసుకున్న పిల్లల ఫొటోలు తర్వాత చూశాం. చక్కటి పిల్లలు. హైదరాబాద్, బెంగళూరుల్లో పెద్ద స్కూళ్ళవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను. కానీ ఇంటినిండా పుస్తకాలుండి, భోజనాల దగ్గర అమ్మానాన్నలతో వాదించే అలవాటున్న పిల్లలకే ఇంకో పది రోజులు వాదన నేర్పడమంటే, తడి నేలకు నీళ్ళు పెట్టడమే కదా?

మీ పని చిన్నదని అనడం లేదు. విద్యార్థులే పూనుకుని దేశాల మధ్య దారి వేయడం పాత సంప్రదాయం, మంచి సంప్రదాయం. జపాన్, అమెరికాల మధ్య సంబంధాలు చెడిపోతున్న రోజుల్లో, 1934లో, జపాన్ విద్యార్థులే చొరవ తీసుకుని అమెరికా విద్యార్థులను పిలిచి ఉమ్మడి సదస్సు పెట్టారు. మధ్యలో యుద్ధం వచ్చినా ఆ సదస్సు ఇవాళ్టికీ నడుస్తోంది. ఆ దేశంలోనే 2011లో, హార్వర్డ్‌లో చదువుతున్న జపాన్ కుర్రవాళ్ళు హెచ్-ల్యాబ్ అని మొదలుపెట్టారు. హైస్కూలు పిల్లలు, దేశవిదేశాల కాలేజీ విద్యార్థులు ఒకే చోట ఉండి, తిని, చదువుకునే వేసవి బడి అది. నాకు అందులో నచ్చింది హార్వర్డ్ పేరు కాదు. వాళ్ళు టోక్యోతో సరిపెట్టుకోలేదు. చెస్ట్‌నట్ కాయలకు పేరున్న ఒబుసే అనే చిన్న ఊరికి వెళ్ళారు. 2011 సునామీలో తుడిచిపెట్టుకుపోయిన ఒనగావా అనే రేవు ఊరికి వెళ్ళారు. ఊరివాళ్ళ దగ్గరే బడి పెట్టారు. మా తీరం కూడా 2004 డిసెంబర్ 26న సునామీ చూసింది. మా పట్టపుపాలేల్లో, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లెల్లో, ఆ పొద్దు గురించి చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. అడిగేవాళ్ళు లేరు.

లిబరల్ ఎడ్యుకేషన్ అనే మాట మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలుగులో ఏమనాలో నాకూ తెలియదు. ఉదార విద్య అంటే ఫీజు మాఫీ చేసే స్కీమేమో అనుకుంటారు. కానీ ఆ పని ఏమిటో నెల్లూరు జిల్లాకు తెలుసు. మీకంటే ముందే తెలుసు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని వాచకం చదివేవాళ్ళు. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. సారా తాగే మొగుడు, చితికిపోయిన సంసారం, ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కటై సారా కొట్టు మూయించడం. ఆ పాఠం చదివి ఊరుకోలేదు వాళ్ళు. మాట్లాడుకున్నారు. ఇది మన కథే కదా అన్నారు. పుస్తకంలో సీతమ్మ చేసింది మనమెందుకు చేయకూడదు అన్నారు. దూబగుంటలో ఆడవాళ్ళు సారా బండిని ఊళ్ళోకి రానీయకుండా ఆపేశారు. వాళ్ళలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ నిప్పు ఊరూరా అంటుకుని, 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. అది రెండేళ్ళు తిరిగేసరికి ఎత్తేశారు, ఆ కథ వేరు.

నా ఉద్దేశంలో లిబరల్ ఎడ్యుకేషన్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ విశ్వవిద్యాలయంలోనూ దొరకదు. నలుగురు కలిసి ఒక పాఠం చదవడం, దాన్ని తమ బతుకు పక్కన పెట్టి చూడడం, గట్టిగా మాట్లాడుకోవడం, మనసు మార్చుకోవడం. సంతకం పెట్టడం అప్పుడే నేర్చుకున్న ఆడవాళ్ళు చేసి చూపించారు.

వాళ్ళ మనవరాళ్ళ చదువు ఇప్పుడెలా ఉందో చెబితే మీకు దిగులేస్తుంది. పొద్దున ఐదింటికి స్టడీ అవర్. రాత్రి పదిన్నరకు స్టడీ అవర్. ఆదివారం వీకెండ్ టెస్ట్. ఎంపీసీ కాకపోతే బైపీసీ. సీఈసీ అంటే తెలివి తక్కువవాళ్ళకని, హెచ్ఈసీ అంటే అదేం గ్రూపని. చరిత్ర చదివే పిల్లవాణ్ణి చూసి జాలిపడే ఊళ్ళు మావి. పిల్లలు తెలివైనవాళ్ళే, లెక్క చెప్పకముందే జవాబు గుర్తుపడతారు. ప్రశ్న అడగమంటే మాత్రం తల వంచుకుంటారు. అరుగు మీద ఒకరోజు, "మీకు ఏదైనా అడగాలని ఉంటే అడగండి, సిలబస్‌లో లేనిది" అన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికొక కుర్రాడు, "అది ఎన్ని మార్కులకు వస్తుంది సార్?" అన్నాడు. వాడు వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు.

బుచ్చిరెడ్డిపాళెం నుంచి బెజవాడ గోపాలరెడ్డి గారు శాంతినికేతన్ దాకా పోయి రవీంద్రుడి దగ్గర చదువుకొచ్చారు. తర్వాత మంత్రి అయ్యారు, ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు, రవీంద్రుణ్ణి తెలుగులోకి తెచ్చారు. నూరేళ్ళ కిందట, రైలు మారి రైలు ఎక్కి, అంతదూరం ఒక కుర్రవాణ్ణి పంపించిన ఇల్లు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇవాళ ర్యాంకు రాని చోటికి పిల్లవాణ్ణి పంపమంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అందుకే అంటున్నాను, పిల్లల్ని మీ దగ్గరికి రమ్మనకండి. మీరే ఇక్కడికి రండి.

వచ్చి ఏం చెప్పాలని అడుగుతారేమో. ఒక పొగాకు బేలు తీసుకుందాం. పది రోజులకు అదొక్కటి చాలు.

దాని పేరే వర్జీనియా. మా రైతులు ఆ మాటను గోంగూర అన్నంత మామూలుగా అంటారు. అది అమెరికాలో ఒక రాష్ట్రమని, ఒక ఇంగ్లండు రాణి పెళ్ళి చేసుకోలేదని పెట్టిన పేరని చాలామందికి తెలియదు. పొగాకు అమెరికా మొక్క. పోర్చుగీసువాళ్ళ వెంట సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. వర్జీనియా రకం 1920లలో గుంటూరు సీమలో అడుగుపెట్టి, ఇటు మా తేలిక నేలల దాకా పాకింది. అక్కడ వర్జీనియాలో ఈ పంట కోసం ఆఫ్రికా నుంచి మనుషులను తెచ్చి అమ్ముకున్నారు. 1619లోనే మొదటివాళ్ళను దించారు. లిబరల్ అనే మాట లాటిన్‌ది. స్వేచ్ఛగా ఉన్నవాడు, అంటే బానిస కానివాడు నేర్చే చదువని దానికి అర్థం. మీతో ఒక అమెరికా విద్యార్థి వస్తే ఈ రెండు సంగతులూ మా బ్యారన్ దగ్గర కూర్చుని పక్కపక్కన చెప్పమనండి. మా తాతల కాలంలో ఏడాదికింత అని మాట్లాడుకుని, అప్పు తీరక, తండ్రి తర్వాత కొడుకు అదే ఇంట పాలేరుగా ఉండిపోయిన సంగతి మా వాళ్ళు చెబుతారు. అదీ చరిత్ర పాఠం.

ఆకు పచ్చనిది పసుపెందుకవుతుందంటే కెమిస్ట్రీ. సన్నని సెగకు ఆకులో పిండిపదార్థం చక్కెర అవుతుంది, పచ్చదనం విరిగిపోతుంది. ఆ అమ్మాయి బైపీసీ కాకపోయినా ఆకు వాసన పట్టి ఏ రోజుకొచ్చిందో చెబుతుంది. ఎంత పంట వేయాలో పొగాకు బోర్డు నిర్ణయిస్తుంది, బ్యారన్ రిజిస్టరు చేసుకోవాలి. 1975 చట్టం అది. దాని కథ చెబితే ఎకనామిక్స్, సివిక్స్ రెండూ అయిపోతాయి. వేలం ఫ్లోరు మీద బయ్యర్లు ఒక్కో బేలు దగ్గర సెకన్లలో ధర తేల్చేస్తుంటే రైతు మొహం చూడండి. గిరాకీ, సరఫరా గీతలు బోర్డు మీద ముప్పై ఏళ్ళు గీశాను గానీ అవి అంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. 2015లో ధరలు పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్ళు ఇక్కడే ఉన్నాయి.

ఇక అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. పొగాకు మనుషులను చంపుతుంది. పొగాకును అదుపు చేయాలని 2003లో ప్రపంచ దేశాలు ఒప్పందం రాసుకున్నాయి, మరుసటి ఏడు మన దేశమూ చేరింది. మరి ఈ అమ్మాయి చదువు ఫీజు ఆ పొగాకులోంచే వస్తోంది. ఇది తప్పా? ఆపేస్తే ఈ నేలలో, ఈ నీళ్ళతో ఏం వేయాలి? శనగ వేస్తే గిట్టుతుందా? కట్టె కోసం నరికిన చెట్ల మాటేమిటి? జవాబు నా దగ్గర లేదు. మీ ప్రొఫెసర్ల దగ్గరా ఉండదు. మా పిల్లలు ఈ ప్రశ్న ఇంట్లో నాన్నను అడగలేరు. పరాయి దేశం పిల్లవాడు పక్కనుంటే అడుగుతారు. పరాయివాడు ఉంటే వచ్చే లాభం అదే, ఇంటివాళ్ళ దగ్గర నోరు రాని మాట వాడి ముందు వస్తుంది.

మీ క్యాంపు పేరులో ఎక్స్చేంజ్ అని ఉంది. మా వైపు కుండమార్పిడి అని ఒక మాట ఉంది, మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. మా పిల్లను మీ ఇంటికిస్తాం, మీ పిల్లను మా ఇంటికివ్వండి అని రెండిళ్ళ మధ్య చేసుకునే పెళ్ళిళ్ళు. దాని మంచిచెడ్డలు పక్కన పెట్టండి, నాకైతే ఆ పెళ్ళిళ్ళు నచ్చవు. ఆడపిల్లలను తూకం వేసినట్టుంటుంది. కానీ అందులో ఒక లెక్క ఉంది. ఇటునుంచి ఎంత పోతుందో అటునుంచి అంత రావాలి.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో మాకు తెలుసు. ఒంగోలు గిత్తలు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఓడలెక్కి బ్రెజిల్ పోయాయి. 1960లలో మళ్ళీ కొన్ని పోయాయి. అక్కడ వాటిని నెలోరె అంటారు, మన నెల్లూరే. ఒంగోలు తాలూకా అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904 దాకా. ఆ పేరు మీద ఒంగోలువాళ్ళకూ నెల్లూరువాళ్ళకూ ఇప్పటికీ వాదన ఉంది. రెండు జిల్లాలూ చూసినవాళ్ళం కాబట్టి మేం ఎటూ మాట్లాడం. ఇవాళ ఆ దేశంలో మాంసం పశువుల్లో అత్యధిక భాగం ఆ జాతే. ఇక్కడేమో ఒంగోలు గిత్తను చూడాలంటే బండలాగుడు పందేలకు పోవాలి. పోయింది తిరిగి రాలేదు, బదులుగా వచ్చిందీ లేదు. మా పిల్లల్లో బాగా చదివిన ఒక్కరిని ఏరి మీరు తీసుకుపోతే అదీ అంతే. ఆ ఒక్కరు బాగుపడతారు, సంతోషమే. అరుగు మీద మిగిలిన పదిమందికి ఏమొచ్చింది?

సరే, వస్తామంటే ఎలా రావాలో చెబుతాను. నేను పెట్టే షరతులు కొన్ని మీకు నచ్చకపోవచ్చు.

రోహిణి కార్తెలో రాకండి. మీ వేసవి సెలవులని మే, జూన్‌లలో దిగితే మీకు పాఠం కంటే ముందు వడదెబ్బ తగులుతుంది, మా రెండో ఏడు పిల్లలేమో ఎంట్రన్సుల్లో మునిగి ఉంటారు. సంక్రాంతికి రండి. అప్పటికి మీ కాలేజీల్లో చాలావాటికి చలికాలం సెలవులుంటాయి, మా పిల్లలకు పండగ సెలవులు, బ్యారన్లు కూడా అప్పుడే వెలుగుతుంటాయి.

హోటల్లో, కల్యాణ మండపంలో వద్దు. ఇళ్ళలో ఉండాలి. ఆడపిల్లను పది రోజులు ఎక్కడికో పంపమంటే ఇక్కడ ఏ తల్లీ ఒప్పుకోదు. అదే ఇంకో ఆడపిల్ల వచ్చి తన ఇంట్లో ఉంటానంటే పక్క వేసి పెడుతుంది. అయితే ఒకటి. మీరు వస్తున్నారని తెలియగానే ఊళ్ళో పెద్ద మేడలవాళ్ళు ముందుకొస్తారు, ఏసీ గది ఉందంటారు. మర్యాదగా వద్దనండి. అన్ని ఇళ్ళూ ఒకే వీధిలో ఉంటే మీరు చూసేది ఒకే వీధి. ఎస్సీ కాలనీలో ఉండాలి, రామాయపట్నం వైపు పట్టపుపాలెంలో ఉండాలి, రైతు ఇంట్లోనూ ఉండాలి. ఒక ఇంట్లో ఉన్నవాణ్ణి ఇంకో ఇంట్లో భోజనానికి పిలవరు కొన్నిసార్లు. ఎందుకు పిలవలేదో అడగండి. ఆ ప్రశ్న మేం అడిగితే గొడవ, మీరు అడిగితే కనీసం ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు విని ఇబ్బంది పడడం మా పిల్లలకూ అవసరమే.

ఎంపిక వ్యాసాలతో వద్దు. ఇంగ్లీషుతో అసలే వద్దు. కాలేజీకి ఇద్దరిని పంపమంటే ప్రిన్సిపాళ్ళు ఫస్ట్ ర్యాంకు, సెకండ్ ర్యాంకు పంపుతారు, అదీ వద్దు. మీలో ఇద్దరు రెండు రోజులు ముందు వచ్చి ప్రభుత్వ జూనియర్ కాలేజీ చెట్టు కింద కూర్చుని పిల్లలతో మాట్లాడండి. నిన్న నువ్వు ఏ పని చేశావు, అందులో నీకు అర్థం కానిది ఏమిటి అని అడగండి. ఇంకేం అడగొద్దు. బాగా మాట్లాడేవాళ్ళను మాత్రమే ఏరకండి. ఒకటి రెండు చోట్ల మూగమొద్దులా కూర్చున్నవాళ్ళనూ తీసుకోండి, వాళ్ళలో నాలాంటివాళ్ళు ఉంటారు. మీ వెంట తెలుగు రానివాళ్ళు వస్తే మా పిల్లలే దుబాసీలవుతారు. వచ్చీరాని ఇంగ్లీషులో నవ్వులపాలవుతూ నాలుగు రోజులు గడిపితే ఐదోరోజుకు భయం పోతుంది. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగులకు వేలకు వేలు పోసినా పోని భయం అది.

మీ వాళ్ళు కూడా ఏదో ఒకటి నేర్చుకుని పోవాలి. ఆకు కర్రలకు కట్టడమో, వల బాగుచేయడమో, ముగ్గు వేయడమో, చేపల పులుసు మామిడికాయ వేసి కాయడమో. పదోరోజు అది మా ఊరి ముసలమ్మల ముందు చేసి చూపించాలి. మార్కులు వాళ్ళు వేస్తారు. వాళ్ళు ఉదారులేమీ కాదు.

ఫొటోలు తీసుకోండి, కాదనను. చిరిగిన చొక్కా పిల్లవాణ్ణి ముందు నిలబెట్టి తీసిన ఫొటో మీ విరాళాల పేజీలో పెట్టొద్దు. డబ్బు కావాలంటే నన్నడగండి. మా ఊరివాళ్ళు అమెరికాలో లేరా? పాత విద్యార్థులు నాకే పదిమంది దాకా తెలుసు. విమానం టిక్కెట్లు మీవి, ఇక్కడి తిండి, పడక మావి. లెక్కల పుస్తకం నేను రాస్తాను, మీరు ఎప్పుడడిగినా చూపిస్తాను.

పరాయి ఊళ్ళో పిల్లలకు భద్రత ఎలాగని మీ ఇంట్లోవాళ్ళకు భయం ఉండొచ్చు. మోటుపల్లి అని ఇక్కడికి ఉత్తరాన పాత రేవు ఉంది, మొన్నమొన్నటిదాకా మా ప్రకాశం జిల్లాలోదే. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజులే లాక్కునే రోజుల్లో, 1244లో, కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. పరదేశి వర్తకుల సరుకు వాళ్ళదే, న్యాయంగా సుంకం ఇస్తే చాలని రాతి మీద చెక్కించాడు. మేం రాజులం కాదు, రాళ్ళూ చెక్కించలేం. నా ఫోన్ నంబరు మీ దగ్గర ఉన్న ఆ అప్లికేషన్‌లో ఉంది. తెలిసినవాళ్ళ పేరు రాయమన్న చోట ఆ పిల్ల నా పేరే రాసింది.

ఆ పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఎకనామిక్స్ తీసుకుంది, నేను చెప్పలేదు. ఈ ఉత్తరం పంపేముందు చదివి వినిపించాను. తన సంగతి రాసినచోట రెండు మాటలు కొట్టేయించింది. సెగ డిగ్రీలు నేను తప్పు రాస్తే దిద్దింది. "మళ్ళీ అప్లై చేయను సార్, వాళ్ళే వస్తే చూద్దాం" అంది. వాళ్ళ ఇంట్లో ముందు గది ఖాళీ చేస్తారట, ఇద్దరు ఆడపిల్లలు పడుకోవచ్చు. రాత్రి బ్యారన్ దగ్గరికి వస్తామంటే దుప్పట్లు తెచ్చుకోమంది, బయట మంచు పడుతుంది. కారం తినలేనివాళ్ళు ఎంతమందో పండక్కి పది రోజుల ముందే చెప్పమంది. వాళ్ళమ్మ పచ్చళ్ళు అప్పటికే కలిపేసి ఉంటుందట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్,
కందుకూరు